రోజూ నడుముకు గ్లాక్ 17 పెట్టుకోవాలా, బెరెట్టా 92ఎఫ్ఎస్ పెట్టుకోవాలా?

మీరు అడిగింది ఇది: రెండు పిస్తోళ్లూ మీ దగ్గరే ఉన్నాయి, రెండూ పూర్తి సైజువే, రెండింటితోనూ గురి బాగానే కుదురుతోంది, లైసెన్సు కూడా చేతికొచ్చింది. ఇక రోజూ చొక్కా కింద ఏది ఉండాలి? నా జవాబు గ్లాక్ 17. అయితే అందరూ చెప్పే కారణాలేవీ నావి కావు. నా కారణం చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంటుంది. అది మరుగుదొడ్డికి సంబంధించినది.

ముందు సైన్యం గొడవ ఒకటి పక్కన పెట్టేద్దాం. బెరెట్టా పేరెత్తితే చాలు, 'అమెరికా సైన్యం 1985లో ఎం9 పేరుతో తీసుకుంది' అని ఒకరు మొదలుపెడతారు. 'ఆస్ట్రియా సైన్యం గ్లాక్‌ను 1982లోనే తీసుకుంది' అని ఇంకొకరు అందుకుంటారు. ఎం9 స్థానంలోకి 2017లో వేరే కంపెనీ పిస్తోలు వచ్చిందని మూడో ఆయన గుర్తుచేస్తాడు. తీసుకుంటే తీసుకున్నారు. సైనికుడు దాన్ని తొడకో నడుముకో అందరికీ కనబడేలా కట్టుకుంటాడు. పక్క బల్ల దగ్గరవాళ్లకు కనబడకుండా దాచుకుని భోజనం చేయాల్సిన అగత్యం అతనికి లేదు. మనకు ఉన్నది అదొక్కటే.

తూటా శక్తి గురించి కూడా ఎవరైనా వాదనకు దిగితే లేచి వెళ్లిపోండి. రెండింటిలో పట్టేదీ అదే 9×19 మిల్లీమీటర్ల తూటా. ఎదుటి గోడకు అది ఎందులోంచి వచ్చిందో తెలియదు.

తేడా ఉన్నది బరువులో. తూటాలు నింపే మ్యాగజైన్‌ను ఖాళీగా ఉంచి తూస్తే బెరెట్టా దాదాపు 945 గ్రాములు, గ్లాక్ 700కు కాస్త అటూ ఇటూ. దానిలో 15 తూటాలు, దీనిలో 17 నింపారనుకోండి, బెరెట్టా కిలో దాటి ఇంకో వంద గ్రాములు పైకి పోతుంది. గ్లాక్ తొమ్మిది వందల దగ్గర ఆగుతుంది. ఈ పావుకిలో పొద్దున అద్దం ముందు నిలబడినప్పుడు తెలియదు. సాయంత్రం నాలుగింటికి తెలుస్తుంది. బారెల్ పొడవు 125 మిల్లీమీటర్లా, 114 మిల్లీమీటర్లా అని కొట్టుకుంటారు గానీ, బారెల్ ప్యాంటులోపల ఎలాగూ దాక్కుంటుంది. చొక్కాను పైకి ఎత్తి పట్టించేది పిడి. ఆ విషయంలో రెండూ దొందూ దొందే, రెండింటి ఎత్తూ 14 సెంటీమీటర్ల దగ్గరే. బెరెట్టా మందం మాత్రం 38 మిల్లీమీటర్లు. గ్లాక్ దానికన్నా సన్నం.

ఇప్పుడు అసలు సంగతి. ఎనిమిది నెలలు నేను బెరెట్టానే పెట్టుకున్నాను. దాని మీద నాకున్నది మోజు, ఇంకో మాట లేదు. పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగమైన స్లైడ్, అదీ పైన తెరిచి ఉండి బారెల్ కనబడేది, వెనక్కి లాగితే చేతికి తగిలే ఆ నునుపు చూసి కొన్నాను. పిస్తోలు పెట్టుకునే ఒర, అదే హోల్‌స్టర్, మాత్రం చవకది, మెత్తటి తోలుది. బెల్టు ఆఫీసుకు కట్టుకునే మామూలు బెల్టు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్టు.

ఒక రోజు దూరప్రయాణంలో భోజనానికి దారిలో ఆగాం. నేను మరుగుదొడ్డికి వెళ్లాను. పిస్తోళ్ల గుణగణాలు వర్ణించేవాళ్లెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ప్యాంటు వదులు చేయగానే ఆ కిలో పైచిలుకు బరువు ఒక పక్కకు లాగేస్తుంది. మెత్తటి హోల్‌స్టర్ అడ్డం తిరుగుతుంది. పిడి నేలకు వాలి, పక్క గదికీ దీనికీ మధ్య ఉన్న అడ్డుపలక కింది సందులోంచి అటువైపుకు తొంగిచూస్తుంది. పక్క గదిలో ఎవరో ఉన్నారు. కంగారులో పిస్తోలును హోల్‌స్టర్‌లోంచి లాగి, టిష్యూ కాగితాల పెట్టె మీద పెట్టాను. రెండు నిమిషాలే కదా అనుకున్నాను. అంతలో మా బావ ఫోను. ఆయన స్థలం రిజిస్ట్రేషన్ గొడవ చెబుతున్నాడు. నేను ఊఁ కొడుతూనే ప్యాంటు సర్దుకుని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి చేతులు కడుక్కుని, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను.

కూర్చోగానే హాయిగా అనిపించింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి కుర్చీ నా నడుముకు గుచ్చుకోలేదు. ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడానికి రెండు సెకన్లు పట్టింది.

పరిగెత్తాను. నేను వాడిన గది తలుపు మూసి ఉంది. తలుపు కింద రెండు చిన్న బూట్లు కనబడుతున్నాయి. నేలకు ఆనడం లేదు, ఊగుతున్నాయి. చేతులు కడుక్కునే చోట ఒకాయన నిలబడి ఉన్నారు. ఆ పిల్లవాడి తండ్రి. ఆయనకు చెప్పక తప్పలేదు. ఏ మాటల్లో చెప్పానో గుర్తులేదు. ఆయన నన్నొకసారి చూసి, తలుపు దగ్గరికి వెళ్లి, అన్నానికి పిలిచేంత మామూలు గొంతుతో, "నాన్నా, ఆ పెట్టె మీద ఉన్నదాన్ని ముట్టుకోకు. లేచి తలుపు తీసి వచ్చెయ్" అన్నారు. లోపలి నుంచి, "ముట్టుకోలేదు నాన్నా, చూస్తున్నానంతే" అని జవాబు.

గడియ తీసిన చప్పుడయ్యేదాకా మేమిద్దరం ఊపిరి తీసుకోలేదు. వాడికి ఏడెనిమిదేళ్లు ఉంటాయి. ప్యాంటు గుండీ కూడా పెట్టుకోకుండా వచ్చేశాడు. తండ్రి వాణ్ణి తన వెనక్కి నెట్టుకుని, "దీన్ని పెట్టుకుని తిరగడానికి మీకు అనుమతి ఎవరిచ్చారండీ?" అని మాత్రం అడిగారు. లైసెన్సు జేబులోనే ఉంది. తీసి చూపించడానికి ముఖం చెల్లలేదు. ఆయన ఫిర్యాదు చేసి ఉంటే అది పోయేది, పోవడమే న్యాయం. ఎందుకో చేయలేదు.

ఇది విన్న మిత్రుడొకడు నన్ను ఓదార్చబోయాడు. తూటాను పేల్చడానికి వెనక నుంచి కొట్టే చిన్న సుత్తి, అదే హ్యామర్, దించి ఉన్నప్పుడు బెరెట్టా ట్రిగ్గర్ లాగడానికి దాదాపు ఐదు కిలోల బలం కావాలి, పిల్లల వల్ల కాదు అన్నాడు. పిల్లలు మనలాగా ఒక వేలితో లాగరు నాయనా. గొట్టం తమ వైపు తిప్పుకుని, రెండు బొటనవేళ్లూ కలిపి నొక్కుతారు. ఆ ఓదార్పు ఇంకెవరికీ చెప్పవద్దన్నాను.

మా ఆవిడైతే, "తప్పు పిస్తోలుది కాదు, మీది" అంది. నిజమే. కానీ నా వాదన నాకుంది. బరువైన వస్తువు తనను పక్కన పెట్టమని రోజంతా పోరుతుంది, ఎప్పుడో ఒకప్పుడు మనం లొంగిపోతాం. గ్లాక్‌కు మారి ఆరేళ్లు. ఇంటి బయట దాన్ని ఒక్కసారి కూడా తీసి పక్కన పెట్టలేదు. అదే సమయంలో హోల్‌స్టరూ బెల్టూ కూడా మార్చారు కదా, ఘనత వాటిదేనేమో అని మీరు అనవచ్చు. ఒప్పుకుంటాను, అయినా పావుకిలో సంగతి మాత్రం వదలను.

కాబట్టి మీ ప్రశ్నకు ముందు నాదొక ప్రశ్న: మీ బెల్టు ఏది? పిస్తోలు కట్టుకోవడానికే చేసిన, మధ్యలో గట్టి పొర ఉన్న బెల్టు కాకపోతే ముందు అది కొనండి. చుట్టచుట్టి బల్ల మీద నిలబెట్టి పైనుంచి నొక్కితే అణగిపోకూడదు. హోల్‌స్టర్ కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌దై ఉండాలి, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని పూర్తిగా కప్పాలి, దాని క్లిప్పు బెల్టును కరిచి పట్టుకోవాలి. ఇక మరుగుదొడ్డిలో పిస్తోలు హోల్‌స్టర్‌లోంచి బయటికి రాకూడదు, హోల్‌స్టర్ బెల్టులోంచి బయటికి రాకూడదు. ప్యాంటును మోకాళ్ల దగ్గరే ఆపి బెల్టు మళ్లీ బిగించండి. పిస్తోలు మీ కళ్లముందే, బట్టల మధ్యే ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు. అక్కడ చూసేవాళ్లెవరు?

పెట్టెల మీదా కొక్కేల మీదా పెట్టేవాళ్లకు నా కథ చాలు. చెక్కబల్ల మీద పిస్తోలు, కత్తి, గడియారం, తోలు పర్సు వరుసగా పేర్చి ఫోటోలు తీసి పెట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఫోటోల్లో బెల్టు ఎప్పుడూ ఉండదు.

బెరెట్టాకు అన్యాయం చేయను. ఒక విషయంలో అది గ్లాక్ కన్నా మేలు, ఆ మేలు చిన్నదీ కాదు. హోల్‌స్టర్‌లోకి దించేటప్పుడు బొటనవేలు హ్యామర్ మీద ఉంచవచ్చు. చొక్కా అంచో తాడో ట్రిగ్గర్‌కు తగులుకుంటే హ్యామర్ కదలడం వేలికి తెలిసిపోతుంది, అక్కడే ఆపేస్తాం. గ్లాక్‌కు హ్యామర్ బయట లేదు, బొటనవేలితో వేసే సేఫ్టీ కూడా లేదు. ఉన్న మూడు సేఫ్టీలూ ట్రిగ్గర్ లాగితే వాటంతట అవే తొలగిపోయేవి. లాగినది వేలా, చొక్కా అంచా అని అది అడగదు. దాని ట్రిగ్గర్‌కు రెండున్నర కిలోల బలం చాలు. నా పాత తోలు హోల్‌స్టర్ లాంటివి వాడగా వాడగా మూతి దగ్గర లోపలికి ముడుచుకుపోతాయి. గ్లాక్‌ను అందులో పెట్టడమంటే ట్రిగ్గర్ మీద తోలు వేలు ఒకటి తగిలించుకోవడమే. అందుకే గ్లాక్‌ను హోల్‌స్టర్‌లోకి దించేటప్పుడు చొక్కా పూర్తిగా పైకెత్తి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా దించండి. తీసేటప్పుడు తొందర ఉండవచ్చు గానీ, లోపల పెట్టేటప్పుడు ఎవరికీ ఏ తొందరా ఉండదు.

ఇంకొకటి. శుభ్రం చేయడానికి గ్లాక్‌ను విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఈ పద్ధతి నాకు మొదటి రోజూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ లాగండి, బారెల్ వెనక తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి, ఆ తర్వాతే నొక్కండి. బెరెట్టాకు ఈ బాధ లేదు, పక్కనున్న బొత్తం నొక్కి మీట తిప్పితే పైభాగం ముందుకు జారి వచ్చేస్తుంది. కానీ 92ఎఫ్ఎస్‌లో సేఫ్టీ స్లైడ్ మీద ఉంటుంది. స్లైడ్‌ను గట్టిగా పట్టి లాగినప్పుడు చెయ్యి తగిలి అది కిందికి పడిపోతుంది, ఇక ట్రిగ్గర్ లాగినా పేలదు. సాధన చేసేటప్పుడు నాకు రెండుసార్లు అలా జరిగింది. 92జి రకంలో ఆ మీట హ్యామర్‌ను దించి తిరిగి తన చోటికి వచ్చేస్తుంది. మీది అది కాదు కాబట్టి ఇక ఆ మాట అనవసరం.

బెరెట్టాను అమ్మలేదు. ఇంట్లో తాళం వేసిన ఇనప్పెట్టెలో ఉంటుంది, నెలకోసారి ఫైరింగ్ రేంజికి వస్తుంది. కాగితం మీద నా తూటాలు గ్లాక్‌తో కన్నా దానితోనే దగ్గరగా పడతాయి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

రెండూ మీ దగ్గరే ఉన్నాయన్నారు కాబట్టి ఒక పని చేయండి. మ్యాగజైన్ ఖాళీ, ఛాంబర్ ఖాళీ, తూటాలు వేరే గదిలో తాళం కింద. అలా ఒక వారం బెరెట్టాను, ఇంకో వారం గ్లాక్‌ను ఇంట్లోనే పొద్దున నుంచి రాత్రి దాకా కట్టుకోండి. కూర్చోండి, వంగి బూట్ల తాడు కట్టుకోండి, నేల మీద పడింది తీయండి, మరుగుదొడ్డికి వెళ్లండి. 'కాసేపు తీసి పక్కన పెడదాం' అనిపించిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత పెట్టండి. గీతలు తక్కువ వచ్చినదే మీది. నాకు బెరెట్టాకు ముప్పై ఒకటి, గ్లాక్‌కు తొమ్మిది వచ్చాయి. ఆ కాగితం ఇప్పటికీ ఇనప్పెట్టెలో బెరెట్టా కిందే ఉంది.