‘తల్లి పోలికే’ అన్నప్పుడు మీరెందుకు ఊరుకున్నారు?

"మా పాప తొమ్మిదో తరగతి. లెక్కల్లో హాఫ్ ఇయర్లీకి 100కి 23 వచ్చాయి. రోజూ రాత్రి మావారే కూర్చోబెట్టి చెబుతారు, ఆయనది బ్యాంకు ఉద్యోగం. దానికి రాకపోతే స్కేలుతో బల్ల మీద కొట్టి ‘అచ్చం తల్లి పోలికే’ అంటారు. నేను పదిలో లెక్కలు తప్పి చదువు ఆపేశాను, ఇంట్లో జాకెట్లు కుడతాను. పాపను అబాకస్‌లో చేర్చాలా, ట్యూషన్ పెట్టించాలా, ఆయన అంటున్నట్టు విజయవాడలో హాస్టల్లో వేయాలా? నోట్సు పేజీ ఒకటి జత చేస్తున్నాను."
ఒక తల్లి, భీమవరం

మీరడిగినవాటికి ముందే చెప్పేస్తాను. అబాకస్ వద్దు, హాస్టల్ అసలే వద్దు, ట్యూషన్ సంగతి తర్వాత చూద్దాం.

‘తల్లి పోలికే’ అన్న ముక్క మీరు మామూలుగా రాసేసి దాటిపోయారు గానీ నేను దాటలేకపోయాను. ఆ మాట ఆయన పాపను అంటున్నారని మీరనుకుంటున్నారు. మిమ్మల్నే అంటున్నారమ్మా, మధ్యలో పాపను కూర్చోబెట్టి. ఆ సమయానికి మీరు వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఏమీ విననట్టు ఉండుంటారు. మొగుడి మాటకు ఎదురు చెప్పకూడదని నన్నూ అలాగే పెంచారు, చాలా ఏళ్ళు నేనూ గిన్నెలే సర్దాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. లెక్కలు రాకపోవడం అమ్మ వైపు నుంచి వచ్చిన జబ్బు అని పధ్నాలుగేళ్ళ పిల్ల నమ్మేశాక ఎవరు చెబితే మాత్రం ఏం ఎక్కుతుంది?

ఇక ఆ పేజీ. x/2 + x/4 = 9 అన్న లెక్కకు పాప 2x/6 = 9 అని రాసి, x = 27 తెచ్చింది. పైనుంచి కిందికి ఎర్ర ఇంటూ మార్కు. ఎక్కడ తప్పిందో అటు టీచరూ రాయలేదు, ఇటు ఆయనా చూడలేదు. నిజానికి మొదటి మెట్టు తప్పితే మిగతా మెట్లన్నీ సరిగ్గానే వేసింది, 2x/6 నుంచి 27 రావడంలో ఒక్క పొరపాటూ లేదు. తనకు రానిది తొమ్మిదో తరగతి లెక్క కాదు, ఐదో తరగతి భిన్నాలు. పైనున్నవి కలిపి, కిందున్నవి కలిపి రాసేస్తోంది. సిలబస్ పరుగులో ఇలాంటి పిల్లల కోసం వెనక్కి వెళ్ళే తీరిక ఎవరికీ ఉండదు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు టిక్కు పెట్టి బట్టీ పట్టిస్తారు, అంతే.

ఇది నేర్పడానికి మీరే చాలు. నిజంగా. ఛాతీ కొలత 36 అంటే నాలుగో వంతు 9, దానికి లూజు, కుట్టు మార్జిను కలుపుకుని సుద్దతో గీత గీసేటప్పుడు మీరు కాగితం వాడతారా? పాపను మిషను దగ్గరికి పిలవండి. అర మీటరు లైనింగు, దాని పక్కన పావు మీటరు పరిచి, మొత్తం ఎంతని అడగండి. ముప్పావు అంటుంది. మరి నీ నోట్సులో 2/6 అంటే మూడో వంతే కదా, అర మీటరుకు ఇంకో ముక్క కలిపితే అర కంటే తగ్గిపోతుందా అనండి. అర అంటే రెండు పావులు, ఇంకో పావు కలిపితే మూడు పావులు. క.సా.గు. అని బడిలో భయపెట్టేది దీన్నే. అప్పుడు 3x/4 = 9, x = 12 తనే తెస్తుంది.

మీ ఆయన చెడ్డవారని నేననను. ఈఏపీసెట్‌లో ఇంజనీరింగ్ వాళ్ళకు 160 మార్కుల్లో 80 లెక్కలవే, ఆ టెన్షన్ ఆయనది. (అయినా ఈ రోజుల్లో బ్యాంకులో వడ్డీ లెక్క కట్టేది కంప్యూటరే, పోనీలెండి.) పాప పడుకున్నాక, ఏడవకుండా, అరవకుండా, "ఏమండీ, నా పోలిక అన్న మాట ఈ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు, రేపటి నుంచి ఆ స్కేలు నా మిషను దగ్గరుంటుంది" అని చెప్పండి. మీ అత్తగారు ఏమనుకుంటారోనని ఆగకండి.

ఇంకొకటి. ఓపెన్ స్కూల్లో పది రాయడానికి మీకిప్పటికీ అవకాశం ఉంది. ఆ లెక్కల పుస్తకం ఇంటికి రానివ్వండి, మీకు అర్థం కానిది పాపనే చెప్పమనండి. ఒక నెల పోయాక ఇద్దరి నోట్సు పేజీలూ నాకు పంపండి. హాస్టల్ ఫారం మాత్రం అప్పటిదాకా నింపకండి.