గన్ పేల్చకపోయినా డ్రగ్స్ కేసులో అదనంగా ఐదేళ్లు ఎందుకు?

మీ ప్రశ్న ఇది: అమెరికాలో ఒకతని ఇంట్లో డ్రగ్స్‌తో పాటు గన్ కూడా దొరికింది. అతను దాన్ని పేల్చలేదు, ఎవరికీ చూపించి బెదిరించలేదు. అయినా గన్‌కి విడిగా ఐదేళ్లు ఎందుకు వేశారు, అది న్యాయమేనా?

నేను లాయర్ని కాను. టెక్సస్‌లో ఉంటాను. సిటిజన్‌షిప్ వచ్చిన మూడో ఏడు ఫెడరల్ కోర్టు, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టాల కేసులు చూసే కోర్టు, నుంచి జ్యూరీ పిలుపు వచ్చింది. అచ్చం ఇలాంటి కేసులోనే, దోషా కాదా తేల్చే పన్నెండు మంది మామూలు పౌరుల్లో ఒకడిగా కూర్చున్నాను. నాకు తెలిసిందంతా అక్కడ విన్నదీ, ఆ తర్వాత మనసు ఆగక చదువుకున్నదీ.

మా ముందు మూడు అభియోగాలు ఉన్నాయి. అమ్మే ఉద్దేశంతో మెత్ (మెథాంఫెటమిన్ అనే మత్తుమందు) దగ్గర పెట్టుకోవడం ఒకటి. ఆ వ్యాపారానికి అండగా గన్ ఉంచుకోవడం రెండోది. పాత కేసులో శిక్ష పడినవాడై ఉండి కూడా గన్ పెట్టుకోవడం మూడోది. ఆ పాత కేసు ఏమిటో మాకు చెప్పలేదు. ఉందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి, అంతవరకే మీరు పట్టించుకోవాలి అన్నారు జడ్జిగారు. ఆ పిస్టల్ టెక్సస్‌లో తయారైంది కాదు అని చెప్పడానికే ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) నుంచి ఒక అధికారి వచ్చి సాక్ష్యం ఇచ్చాడు. మొదట ఇదెందుకు అనుకున్నాను. రాష్ట్రం సరిహద్దు దాటి వచ్చిన గన్ అని రుజువైతేనే మూడో అభియోగం ఫెడరల్ కోర్టులో నిలుస్తుందట.

డ్రగ్స్ విషయం గంటలో తేలిపోయింది. ల్యాబ్ కెమిస్ట్ తూకం చెప్పింది, 50 గ్రాములు దాటిందా లేదా అన్నది తీర్పు కాగితంలో మేమే టిక్ పెట్టాలి. కల్తీ కలిసిన మొత్తం పొడి బరువునే లెక్కలోకి తీసుకున్నారు. ఇండియాలో మన డ్రగ్స్ చట్టం ఎన్‌డీపీఎస్‌లో గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు ఉన్నట్టే, ఇక్కడా బరువు గీత దాటితే శిక్ష మారిపోతుంది.

గన్ దగ్గర మాత్రం రోజున్నర ఆగిపోయాం. వంటింటి సొరుగు ఫొటో ఒకటి మా బల్ల మీద పెట్టారు. చిన్న డిజిటల్ కాటా, జిప్ కవర్లు, రబ్బరు బ్యాండ్ చుట్టిన ఇరవై డాలర్ల నోట్ల కట్ట, పక్కనే తూటాలు నింపిన పిస్టల్. మాలో ఒక పెద్దాయన ఉన్నాడు, రిటైరయ్యాడు, చిన్నప్పటి నుంచీ వేటకు వెళ్ళే మనిషి. "మా ఇంట్లోనూ మంచం పక్కన గన్ ఉంటుంది. ఉన్నంత మాత్రాన నేరమా?" అన్నాడు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. ఊరికే ఇంట్లో ఉంటే సరిపోదు, ఆ వ్యాపారం సాగడానికి అది పనికొచ్చి ఉండాలి అని జడ్జిగారు కూడా రాసి ఇచ్చారు. లోడ్ చేసి ఉందా, చెయ్యి చాస్తే అందుతుందా, సరుకుకీ డబ్బుకీ ఎంత దగ్గర, అసలు ఆ మనిషి గన్ పెట్టుకోవచ్చా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాం. రెండో రోజు పొద్దున ఆయనే ఆ ఫొటోని మళ్ళీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "నా గన్ పక్కన కాటా ఉండదు" అని పక్కకి జరిపాడు. మూడింటిలోనూ దోషి అని రాశాం.

మీ ప్రశ్నకి చట్టం చెప్పే జవాబు అదే. గన్ పేల్చాడా అని అడగరు, ఆ సరుకునీ డబ్బునీ కాపాడుకోవడానికి పెట్టుకున్నాడా అని అడుగుతారు. పెట్టుకుంటే కనీసం ఐదేళ్లు, చూపించి బెదిరిస్తే ఏడు, పేలిస్తే పది. ఇది డ్రగ్స్ శిక్ష పూర్తయ్యాక మొదలవ్వాలి. రెండూ కలిపి ఒకేసారి అనుభవించమనే అధికారం జడ్జికి లేదు. 50 గ్రాముల మెత్ పొడికి కనీసం ఐదేళ్లు, గరిష్ఠం నలభై. చిన్న స్థాయి వాళ్లకి ఈ కనీస శిక్ష నుంచి తప్పించే వెసులుబాటు ఒకటి ఉంది గానీ, ఆ నేరంలో గన్ ఉంటే అదీ పోతుంది. మూడో అభియోగానికి గరిష్ఠం పదేళ్లుగా ఉండేది, 2022లో పదిహేను చేశారు.

ఇవేవీ ఆ గదిలో మాకు తెలియవు. శిక్ష ఎంతో జ్యూరీకి చెప్పరు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. న్యాయమేనా అని అడిగారు కదా, ఆ తీర్పు తప్పని నేను అనుకోవడం లేదు. కానీ చేతికి కత్తి ఇచ్చి, దాని పదును మాత్రం మాకు చూపించలేదు. అసలు జ్యూరీ దాకా వచ్చేవే తక్కువ. శిక్ష పడేవాళ్లలో నూటికి తొంభైకి పైగా ముందే నేరం ఒప్పుకుంటారు. గన్ అభియోగం తీసేస్తాం, ఒప్పుకో అనడమే ప్రాసిక్యూటర్ చేతిలో పెద్ద బేరం.

మనవాళ్లకి ఒక మాట చెప్పకుండా ఉండలేను. హెచ్1బీ, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు గన్ పట్టుకోవడమే ఫెడరల్ నేరం, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి గన్‌తో ఫొటోలు పెట్టే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెహైఫ్ కేసు మొదలైంది షూటింగ్ రేంజ్‌లోనే. స్టూడెంట్ వీసా మీద వచ్చి, మార్కులు రాక యూనివర్సిటీ తీసేసిన కుర్రాడు అక్కడ గన్ కాల్చాడు. తన వీసా స్టేటస్ పోయిందని అతనికి తెలుసనీ ప్రభుత్వం రుజువు చేయాల్సిందే అంది కోర్టు. కానీ అప్పటికే కింది కోర్టులో జైలు శిక్ష పడిపోయింది. డ్రగ్స్ అమ్మిన కేసులో దోషిగా తేలితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపేయవచ్చు. మీకు తెలిసినవాళ్లెవరైనా ఇలాంటి కేసులో ఉంటే, నేరం ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ సంగతి లాయర్ని గట్టిగా అడగమనండి. అది చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో సుప్రీంకోర్టే తేల్చింది.

నాలుగు నెలల తర్వాత శిక్ష చెప్పే రోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఎవరైనా వెళ్ళవచ్చు. ఫెడరల్ కోర్టులో శిక్ష నెలల్లో చెబుతారు. డ్రగ్స్‌కి 108, దాని తర్వాత గన్‌కి 60, మూడోది మొదటిదానితో పాటే. మొత్తం 168 నెలలు. 1987 నవంబరు నుంచి జరిగిన నేరాలకి ఫెడరల్ జైళ్లలో పెరోల్ లేదు, సత్ప్రవర్తనకి ఏడాదికి మహా అయితే 54 రోజులు తగ్గుతాయి. నా ముందు వరసలో అతని తల్లి పర్సులోంచి పెన్ను తీసి, చేతిలో ఉన్న పార్కింగ్ రసీదు వెనక 168ని పన్నెండుతో భాగించుకుంటూ కూర్చుంది.