ఊరిని బట్టి ఆరోగ్య బీమా ప్రీమియం

ప్రశ్న: మాది నరసరావుపేట. నాకు 42 ఏళ్లు. కుట్టుపని చేసుకుంటాను కనుక ఆరోగ్య బీమా నేనే కొనుక్కోవాలి. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు నాకంటే చిన్నదైనా, అదే పాలసీకి ఆమెకు ఎక్కువ ప్రీమియం చెప్పారు. కారణమేమిటి? తక్కువ ధర చూసి కొనవచ్చునా?

జవాబు: చాలా కంపెనీలు దేశాన్ని జోన్లుగా విభజించి, వైద్యం ఖరీదైన మహానగరాల వారికి ఎక్కువగా, చిన్న పట్టణాల వారికి తక్కువగా ప్రీమియం నిర్ణయిస్తాయి. అయితే తక్కువ జోన్‌లో పాలసీ కొన్నవారు ఎక్కువ జోన్ నగరంలో చికిత్స పొందితే బిల్లులో కొంత శాతం వారే భరించాలని కొన్ని పాలసీలు షరతు పెడతాయి. పెద్ద జబ్బులకు మీ ప్రాంతం వారు హైదరాబాద్ వెళ్లడం మామూలే కనుక, నా దృష్టిలో ధర కన్నా ముందు చూడవలసింది ఈ షరతునే. వివిధ కంపెనీలు ఒకే రకం షరతులతో అమ్మే ప్రామాణిక పాలసీ ‘ఆరోగ్య సంజీవని’కి జోన్లు లేవు; ఒక కంపెనీ దేశమంతటా ఒకే రేటుకు అమ్మాలి. కంపెనీకీ కంపెనీకీ మాత్రం ధర మారుతుంది, పైగా ప్రతి క్లెయిములో 5 శాతం మీరే చెల్లించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ తొలగింది కాబట్టి కొత్త కొటేషన్లే తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే దరఖాస్తులో దాచకుండా రాయండి.