లైటు వేయడమా, తెరవడమా?

సందేహం: చైనాలో వైద్యం చదువుతున్నాను. నా గదిలో ఉండే చైనా మిత్రుడికి ఇంగ్లీషు మాటలు నేర్పుతుంటాను. అతను తలుపుకూ, లైటుకూ, ఫ్యానుకూ కలిపి ‘ఓపెన్’ ఒక్కటే వాడతాడు. తప్పని దిద్దితే, మీ భాషలో ఏమంటారని అడిగాడు. ‘లైటు వేస్తాం’ అన్నాను. ‘మరి తలుపు?’ అన్నాడు. ‘తలుపు వేయడమంటే మూయడం’ అనేసరికి పడీపడీ నవ్వాడు. ఒకే క్రియ ఒకచోట మూయడం, మరొకచోట వెలిగించడం ఎలా అయింది? ‘లైటు వేయి’ అనడం తప్పా?
– ఒక వైద్య విద్యార్థి

సమాధానం: తప్పు కాదు. మీ మిత్రుణ్ణి ముందు నవ్వనివ్వండి, తరువాత అతని మాటనే విప్పి చూపండి. చైనా భాషలో తెరవడానికి ‘ఖాయ్’ అనే మాట ఉంది. తలుపు తీయడం ఖాయ్, దీపం వెలిగించడం ఖాయ్, కారు నడపడం ఖాయ్, సమావేశం జరపడం ఖాయ్, పువ్వు విచ్చుకోవడమూ ఖాయే. కాగిన నీళ్లను కూడా ‘ఖాయ్’ నీళ్లనే అంటారు. ఇన్ని పనులు చేసే మాట ఇంట్లో ఉన్నవాడు ఇంగ్లీషులోకి వెళ్లి ‘ఓపెన్’ చేత అదే చాకిరీ చేయించాలనుకోవడంలో వింత లేదు. ఇంగ్లీషులో ఓపెన్ కానివి దీపం, ఫ్యాను, కుళాయి, బండి. వాటికి ‘టర్న్ ఆన్’ వంటివి వేరే ఉన్నాయి. దుకాణం తెరిచి ఉంటే ‘ఓపెన్’ అనీ, మూసి ఉంటే మాత్రం ‘క్లోజ్డ్’ అనీ చివర డకారం తగిలించాలనీ చెప్పండి. అక్కడ తడబడేది చైనావాళ్లే కాదు, మనవాళ్లూ ‘షాపు క్లోజ్ ఉంది’ అనేస్తారు.

ఆ ‘ఖాయ్’ అక్షరాన్ని పాత పద్ధతిలో రాసి చూపమనండి. రెండు రెక్కల వాకిలి, దాని లోపల అడ్డగడియ, గడియను ఎత్తుతున్న రెండు చేతులు కనిపిస్తాయి. 1956లో మొదలైన లిపి సరళీకరణలో వాకిలి ఎగిరిపోయి గడియా చేతులూ మిగిలాయి. తైవాన్, హాంగ్‌కాంగ్‌లలో ఇంకా వాకిలితోనే రాస్తారు. మన ‘తలుపు తీయడం’ సరిగ్గా ఈ బొమ్మే కదా! గడియ తీస్తే తెరుచుకుంటుంది, గడియ వేస్తే మూతపడుతుంది. తెలుగు క్రియ చేయి చేసిన పనిని చెప్పి ఊరుకుంటుంది, ఫలితాన్ని మీ ఊహకు వదిలేస్తుంది. లైటు విషయంలోనూ చేయి వేసింది మీటనే. మన దేశంలో మీట కిందికి వేస్తే దీపం వెలుగుతుంది కాబట్టి ‘వేయడం’ స్థిరపడిందని నా ఊహ. ఊహ అనే అంటున్నాను, ఎందుకంటే అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో మీట పైకెత్తితేగాని దీపం వెలగదు, అయినా మా మనవరాలు ‘తాతా, లైటు వెయ్యి’ అనే అంటుంది.

నూనె దీపానికి పెట్టడం, ముట్టించడం, వెలిగించడం ఉన్నాయి. ఆరిందనడానికి నోరు రాక ‘కొండెక్కింది’ అన్న జాతి మనది.

ఇక ‘తెరచు’ దగ్గరికి వద్దాం. తెర తొలగించడమే తెరవడమని చాలామంది పండితులే చెప్పగా విన్నాను. వినడానికి బాగానే ఉంటుంది, కానీ కుదరదు. ఈ మాట అసలు రూపం ‘తెఱచు’, బండి ఱతో. వాన ‘తెరపి’ ఇవ్వడంలోనిదీ ఆ ఱకారమే. గుమ్మానికి వేలాడే తెరలో ఉన్నది మామూలు రకారం. తమిళులు ఈనాటికీ ‘తిఱ’ అంటే తెరవడమనీ, ‘తిరై’ అంటే తెర అనీ వేరువేరు అక్షరాలతో రాస్తారు. మనం బండి ఱను అనవసరపు బరువని అటకెక్కించాం. బరువు తగ్గింది, చుట్టరికాలు తెలియకుండా పోయాయి. త్యాగరాజు ‘తెర తీయగరాదా’ అన్నాడు చూడండి, తెర తీసేదే.

నోటికి మాత్రం తెరవడమే తగిన మాట. ఇక్కడ పోతనను తలుచుకోకుండా ముందుకు పోలేను. మన్ను తిన్నావా అని యశోద నిలదీసినప్పుడు సంస్కృత భాగవతంలో తల్లి ‘వ్యాదేహి’ అంటుంది, నోరు తెరువు అని. ఒక్క మాట, అంతే. పోతన చేతిలో ఆ పిల్లవాడు తల్లికి ఆజ్ఞాపించే అవకాశమే ఇవ్వడు. ‘అమ్మా! మన్ను దినంగ నే శిశువనో’ అని ఎదురు ప్రశ్నతో మొదలుపెడతాడు. ఆకలి వేసిందా నాకు, వెర్రివాడినా అంటాడు. వీళ్ల మాటలు నమ్మవద్దు, నువ్వు నన్ను కొట్టాలని కల్పించి చెబుతున్నారంటాడు. చివరికి ‘మదీయాస్య గంధమ్మాఘ్రాణము జేసి’ చూడమంటాడు, నా నోటి వాసన చూడవే అని. చూడమనడం మూలంలోనూ ఉంది, కానీ అక్కడ ముఖం చూడమంటాడు, వాసన కాదు. మన్ను తిన్న పిల్లల నోరు వాసన చూసే తల్లులను ఎరిగినవాడు రాసిన పద్యం అది. పద్యంలో ‘తెఱచు’ ఎక్కడా లేదు. తరువాతి వచనంలో నోరు తెరుచుకుంటుంది, అందులో బ్రహ్మాండం కనిపిస్తుంది. పద్యంలో దాచి వచనంలో తెరవడం కావాలని చేసిందేనని నేనంటాను, కాదనేవారు కాదనవచ్చు.

మిగిలినవాటికి పెద్ద చర్చ అక్కరలేదు. ముడి విప్పుతాం, మూత తీస్తాం, కవరు చింపుతాం, కుళాయి తిప్పుతాం, కొబ్బరికాయ కొడతాం. పుస్తకం తీయడమూ తెరవడమూ రెండూ ఉన్నాయి. తలుపుకు నేనైతే ‘తీయి’ అంటాను, ‘తెరువు’ అన్నవారితో తగవుకు దిగను. బ్యాంకులో ఖాతా తెరవడం ఇంగ్లీషు నుంచి దిగిన పలుకుబడే, అయినా వాడుకలో అరిగి మనదైంది.

నాకు కోపం వచ్చేది వీటన్నిటినీ చెరిపేసి ‘ఓపెన్ చేయడం’ ఒక్కటే మిగిల్చినప్పుడు. కవరు ఓపెన్ చేయి, గొడుగు ఓపెన్ చేయి! చైనావాడు ‘ఖాయ్’ని తన ఇంటినుంచి తెచ్చుకున్నాడు, మనం ఉన్నవి పారేసి అరువు తెచ్చుకున్నాం. నిరుడు పన్ను నొప్పితో వెళితే ఒక యువవైద్యుడు ‘నోరు ఓపెన్ చేయండి సార్’ అన్నాడు. నేను మూసుకునే కూర్చున్నాను. రెండోసారీ అదే అన్నాడు. మూడోసారి పక్కనున్న నర్సు వంగి ‘ఆ… అనండి తాతగారూ’ అంది, వెంటనే తెరిచాను. మీరూ వైద్యులు కాబోతున్నారు కాబట్టి చెబుతున్నాను, ఆ అమ్మాయి మాట రాసి పెట్టుకోండి.