కరగని ప్లాస్టిక్‌లో లిక్విడ్ క్రిస్టలా?

ప్రశ్న: పాత ఫోన్ విప్పితే లోపల తేనె రంగు రిబ్బన్ కనిపించింది, అది పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ అట. దాని గురించి వెతుకుతుంటే ‘లిక్విడ్ క్రిస్టల్ పాలీఇమైడ్’ అనే మాట తగిలింది. స్క్రీన్‌లో ఉండేదీ ఇదీ ఒకటేనా? ఇంకోటి, ఆ రిబ్బన్‌కి సోల్డర్ పెట్టబోతే బుడగలు లేచాయి, ఎందుకు?

జవాబు: ఒకటి కాదు, కానీ చుట్టరికం ఉంది. లిక్విడ్ క్రిస్టల్ అంటే ద్రవంలా పారుతూనే అణువులు వరుసగా సర్దుకుని ఉండే పదార్థం. ఎల్‌సీడీ తెరలో ఉండేది చిన్న చిన్న అణువులతో అలాంటి ద్రవం. అవన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉండాలని గాజు మీద పల్చగా పాలీఇమైడ్ పూత వేసి, గుడ్డతో ఒకే వైపు రుద్దుతారు. అంటే అక్కడ రెండూ పక్కపక్కన ఉంటాయంతే. మీరు చదివిన దాంట్లో మాత్రం పాలీఇమైడ్ గుణం, లిక్విడ్ క్రిస్టల్ గుణం రెండూ ఒకే పాలిమర్ గొలుసులో, అంటే ఒకే పొడవాటి అణువులో ఉండాలి.

చిక్కంతా అక్కడే. మామూలు పాలీఇమైడ్, ఉదాహరణకు కాప్టన్, ఎలా చేస్తారో చూడండి: డయాన్‌హైడ్రైడ్, డయామీన్ అనే రెండు రసాయనాల్ని ద్రావణిలో కలిపితే గది ఉష్ణోగ్రతలోనే పాలీఅమిక్ యాసిడ్ అనే చిక్కటి పాకం వస్తుంది, దాన్ని పల్చగా పరిచి మెల్లమెల్లగా 300 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్తే నీటిని వదిలేసి ఇమైడ్ రింగులు (అణువులోని గట్టి వలయాలు) మూసుకుంటాయి. తొందరపడితే ఆ నీరే ఆవిరై ఫిల్మ్ పాడవుతుంది. ఇలా వచ్చిన కాప్టన్ కరగదు, మరీ వేడి చేస్తే మాడుతుంది. వేడితో లిక్విడ్ క్రిస్టల్ దశ రావాలంటే ముందు కరగాలి కదా!

అందుకే గట్టి ఇమైడ్ ముక్కల మధ్య మెత్తటి మిథిలీన్ (CH₂) గొలుసులు ఇరికిస్తారు, కొన్నిసార్లు ఎస్టర్ బంధాలు కూడా. అప్పుడు కరిగిన స్థితిలోనూ ఇమైడ్ ముక్కలన్నీ ఒక పొరగా, మెత్తటి గొలుసులన్నీ ఇంకో పొరగా సర్దుకుంటాయి. అది స్మెక్టిక్ దశ. పొరలు లేకుండా దిక్కు మాత్రమే కలిస్తే నెమాటిక్. నాకు భలే నచ్చేది సరి-బేసి గొడవ: మిథిలీన్ల సంఖ్య సరి అయితే దశ మారే ఉష్ణోగ్రత సాధారణంగా ఎక్కువ, బేసి అయితే తక్కువ.

దీన్ని కళ్లతో చూడొచ్చు. ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల (ఒకే దిక్కులో కంపించే కాంతినే వదిలే పలకల) మధ్య, మైక్రోస్కోప్ కింద, కరిగిన చుక్క విసనకర్రల్లాంటి రంగుల మడతలతో మెరుస్తుంది; ఇంకా వేడి పెంచితే ఒక్కసారిగా నల్లబడుతుంది, అంటే వరుస చెదిరి మామూలు ద్రవమైపోయిందన్నమాట. కొన్ని పాలీఇమైడ్లు మరీ మొండివి, వేడెక్కేటప్పుడు ఈ దశ చూపించవు, చల్లారేటప్పుడే చూపిస్తాయి. కాబట్టి ఒక్కవైపే పరీక్షించి ‘లేదు’ అనేస్తే పొరపాటే.

ఊరికే ఏదీ రాదు, మెత్తటి గొలుసు పెంచేకొద్దీ వేడిని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

ఇక మీ బుడగలు: పాలీఇమైడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, సోల్డర్ వేడి తగలగానే అది ఆవిరై పొరల్ని విడదీస్తుంది. ఈసారి రిబ్బన్‌ని, అది ఒక్కదాన్నే, 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, చల్లారాక ఆలస్యం చేయకుండా సోల్డర్ పెట్టండి.