దాని ముందు పాదం ఏమిటమ్మా?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథా, దానితో పాటు రాసిన ఉత్తరమూ అందాయి. మీ తాతయ్య పోయాక పెరట్లో దండెం మీద ఆయన పంచె అలాగే ఉండిపోయిందనీ, కర్మకాండలు అయిపోయి చుట్టాలంతా వెళ్లిపోయినా దాన్ని తీయడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదనీ రాశావు. వానకు తడిసింది, ఎండకు మళ్లీ ఆరింది, మడత పడ్డ చోట మట్టి చార కట్టింది అన్నావు. అవి బాగున్నాయి. ఆ తర్వాత వాక్యం దగ్గర మాత్రం కాగితాలు పక్కన పెట్టేశాను. "గతకాలము మేలు వచ్చుకాలము కంటెన్ అని నన్నయ ఊరికే అన్నాడా!" అని రాశావు.

అక్కడికి నన్నయను ఎందుకు పిలిచావమ్మా? పంచె చెప్పవలసింది చెప్పేసింది. చదివేవాడికి గొంతు పట్టేసింది. సరిగ్గా అప్పుడు నువ్వు మధ్యలోకి వచ్చి, వాడు ఏమనుకోవాలో పెద్దాయన చేత చెప్పించావు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

అది ఎవరు ఎవరితో అన్న మాటో నీకు తెలుసా? ఈ మాట ఎత్తే చాలామందికి తెలియదు. మా రోజుల్లో అన్నీ బాగుండేవి అని చెప్పుకోవడానికి వాడుకుంటారు. నన్నయ తెలుగు చేసిన భారతం ఆదిపర్వంలో అది చావు జరిగిన ఇంట్లో మాట. పాండురాజు అడవిలో చనిపోయాడు. హస్తినాపురంలో కర్మలు జరిగాయి. అప్పుడు వ్యాసుడు వచ్చి తన తల్లి సత్యవతితో అంటాడు:

మతి దలపగ సంసారం
బతిచంచల మెండమావులట్టుల సంప
త్ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్.

సంసారం నిలకడ లేనిది, సంపదలు ఎండమావుల్లా క్షణంలో పోయేవి, రాబోయే కాలం కంటే గడిచిన కాలమే మేలు అని. చనిపోయినవాడు సత్యవతికి మనవడు. చెబుతున్న వ్యాసుడు ఆమె కొడుకు, పాండురాజుకు జన్మనిచ్చినవాడూ ఆయనే. అంటే కొడుకును పోగొట్టుకున్న మనిషి, మనవణ్ణి పోగొట్టుకున్న తన ముసలి తల్లితో మాట్లాడుతున్నాడు. ఇక్కడితో అయిపోలేదమ్మా, ముందు ఇంకా ఘోరాలు ఉన్నాయి, ధృతరాష్ట్రుడి కొడుకుల వల్ల జరగబోయేది నీ కళ్లతో చూడవద్దు, తపోవనానికి వెళ్లిపో అంటున్నాడు. ఆమె కోడళ్లు అంబిక, అంబాలికలను వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. ఆ నాలుగో పాదంలో పాతరోజుల మీద బెంగ కంటే రాబోయే కురుక్షేత్రం ఎక్కువ ఉంది. రాబోయేది తెలిసినవాడు తల్లిని తప్పిస్తున్న మాట అది.

ఇప్పుడు నీ కథ మళ్లీ తీసి చూడు. మీ నాయనమ్మ ఏది? "నాయనమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. పెరట్లో పంచె ఉంది, లోపల ఆమె ఉంది, ఈ రెంటికీ మధ్య ఒక గుమ్మమే అడ్డం. ఆస్తి పంపకాల గురించి మీ బాబాయిలు వసారాలో మాట్లాడుకుంటున్నారని కూడా నువ్వే రాశావు. నువ్వు ఆ పద్యం మొత్తం చదివి ఉంటే, దాని ముందూ వెనకా ఏం జరిగిందో తెలిసి ఉంటే, మీ ఇంట్లో సత్యవతి ఎవరో కనబడేది. అప్పుడు నన్నయ పేరు ఎత్తే పనే ఉండేది కాదు. మేనత్త నాయనమ్మ దగ్గర కూర్చుని "నాతో వచ్చెయ్యమ్మా, ఇక్కడ ఉండొద్దు" అని ఉంటే చాలు. ఆ పద్యమంతా ఆ ఒక్క మాటలోకి దిగేది.

నేను ఇన్నేళ్లుగా పట్టుకుని ఉన్న పంతం ఇదే. ముందు పాదం నోటికి రాకపోతే ఆ మాట వాడకూడదు. కవి ఎవరైనా సరే. ఎవరు, ఎవరితో, ఏ స్థితిలో అన్నారో చెప్పలేనప్పుడు ఆ మాట మన దగ్గర ఉన్నట్టు కాదు.

కథ తలమీద "కాదేదీ కవితకనర్హం" అని పెట్టావు. దాని వెంటనే వచ్చే పాదం ఏమిటి? "ఔనౌను శిల్పమనర్ఘం." ఏ వస్తువైనా కవితకు పనికొస్తుందన్న ఊపిరిలోనే పనితనానికి వెల కట్టలేమని కూడా అన్నాడు శ్రీశ్రీ. మొదటి పాదం రాష్ట్రమంతా తిరుగుతోంది, ఎందుకంటే అది రాసేవాడికి అనుమతి ఇస్తుంది. రెండో పాదం పని చెబుతుంది, అందుకే ఎవరూ ఎత్తరు. అసలు ఆ మాట దగ్గరికి ఆయన ఎలా వచ్చాడో చూడు. కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ల. రొట్టెముక్క, అరటితొక్క, బల్లచెక్క. తలుపు గొళ్లెం, హారతి పళ్లెం, గుర్రపు కళ్లెం. తొమ్మిది వస్తువులను పేరు పెట్టి పిలిచి, అవి నీవైపు చూస్తున్నాయి, తమ లోతు కనుక్కోమంటున్నాయి అని చెప్పి, అప్పుడు అన్నాడు ఆ మాట. ఆ వస్తువులు తీసేస్తే మిగిలేది ఉపన్యాసం. నీకు పంచె దొరికింది కదా, పదో వస్తువు. దాని లోతు కనుక్కోవలసిన సమయంలో నువ్వు శ్రీశ్రీ మాట తెచ్చి తలమీద పెట్టుకున్నావు.

దాశరథి మాట తీసుకో. "నా తెలంగాణ కోటి రతనాల వీణ." సభల్లో బ్యానర్ల మీద, స్వాగత ద్వారాల మీద, పూలదండల మధ్య చూస్తూనే ఉంటాం. దానికి ముందున్న పాదం "తీగెలను తెంపి అగ్నిలో దింపినావు". పద్యం మొదలయ్యేదే "ఓ నిజాము పిశాచమా" అని. నిజామాబాద్ జైల్లో ఉన్నప్పుడు బొగ్గు ముక్కతో గోడ మీద పద్యాలు రాసిన మనిషి ఆయన. తీగలు తెగి, మంటల్లో పడ్డ వీణను చూస్తూ, ఇది ఎంత విలువైనదో తెలుసా అని తెంపినవాడి మొహం మీద అడుగుతున్నాడు. ఆ తెగిన తీగలను వదిలేసి రతనాలు మాత్రం తెచ్చుకున్నాం మనం. నాకు ఆ బ్యానరు కనబడినప్పుడల్లా ముందు పాదం గట్టిగా చదవాలనిపిస్తుంది. చదివాను కూడా, ఒక సభలో. అధ్యక్షుల వారికి నచ్చలేదు.

గురజాడకూ ఇదే జరిగింది. "దేశమంటే మట్టి కాదోయ్, దేశమంటే మనుషులోయ్" అందరికీ వచ్చు. అదే చరణంలో దానికి ముందు "సొంత లాభం కొంత మానుకు, పొరుగువానికి తోడుపడవోయ్" అని ఉంది. సొంత లాభం మానుకోమన్న పాదం ఏ గోడ మీదా నాకు కనబడలేదు.

జాషువా గారిది తలుచుకుంటే నాకు మరీ బాధ. తనకు గురువులు ఇద్దరనీ, ఒకటి పేదరికం, రెండోది కుల మత భేదమనీ ఆయన చెప్పుకున్నారు. మొదటిది సహనం నేర్పిందనీ, రెండోది ఎదిరించే శక్తిని పెంచిందనీ అన్నారు. ఈ మధ్య ఎవరో నాకు ఒక బొమ్మ పంపారు. ఆయన ఫొటో, వెనక సూర్యోదయం, కింద ఆ మాట. అందులో రెండో గురువు లేడు. పేదరికం ఒక్కటే ఉంచి, పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చన్నట్టు తయారుచేశారు. అంటరానితనం మీద గబ్బిలం కావ్యం రాసిన మనిషి నోటి నుంచి కులాన్ని తీసేశారు! పంపినవారికి ఫోన్ చేసి చెప్పాను. మెసేజ్ బాగుంది కదండీ అన్నారు.

ఈ కత్తిరింపుల మీద నాకు పాత కోపం ఉంది. చిన్నప్పుడు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని చేశాను. దసరా దాటిందంటే డైరీల సీజను. ప్రతి పేజీ అడుగున ఒక మంచిమాట ఉండాలి, ఒక్క లైనుకు మించి పట్టదు. పద్యంలో బాగున్న ముక్క తీసి ఇవ్వు అనేవారు యజమాని. వేమన పద్యం ఇచ్చాను. "తినగ తినగ వేము తియ్యనుండు" ఉంచి, "సాధనమున పనులు సమకూరు ధరలోన" తీసేశారు. వేమన ఆ వేపాకు మాట దేని కోసం ఎత్తాడో అదే పోయింది. తర్వాత తిక్కనది ఇచ్చాను:

ఒరులేయవి యొనరించిన
నరవర యప్రియము తన మనంబునకగు దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మపథములకెల్లన్.

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, కాగితం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎక్కడ కోయాలో దొరకలేదు. రెండో పాదం చివర మొదలైన మాట మూడో పాదంలోకి వెళ్లి పూర్తవుతుంది. ఎదుటివాడు చేస్తే నీకు ఏది కష్టంగా ఉంటుందో అది నువ్వు ఇంకొకరికి చేయకు అన్న ఒక్క వాక్యం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పోతుంది. ఇది తెగదు, వేరేది ఇవ్వు అన్నారాయన. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తెగని రచన ఎలా ఉంటుందో ఏ గురువూ చెప్పకముందే ఆ ప్రెస్సులో ప్రూఫు కాగితం మీద చూశాను.

ఆ తర్వాత పత్రికల వాళ్లతో పడ్డాను. ఒక వారపత్రిక నా కథ వేస్తూ చోటు చాలలేదని చివరి పేరా తీసేసింది. అదే పేజీ మూలలో ఒక గళ్ల పెట్టె కట్టి, అందులో జీవితం గురించి నాలుగు లైన్ల సూక్తి పెట్టింది. నా పేరా ఎంతో, ఆ పెట్టె అంతే ఉంది. ఇంకో సంపాదకుడు, ముగింపులో జనం గుర్తుపెట్టుకునే వాక్యం ఒకటి పడాలండీ, లేకపోతే కథ నిలబడదు అని రాశారు. నేను రాయలేదు, ఆయన వేసుకోలేదు. మీ తరానికి ఇది ఇంకా ఎక్కువైంది. రాసే ముందే ఏ వాక్యం పోస్టరు అవుతుందో లెక్క వేసుకుంటున్నారు. కథ అంతా ఆ వాక్యం దగ్గరికి తోసుకెళ్లే ప్రయాస. నీ కథలో కూడా చివర "జ్ఞాపకాలు ఆరవు, ఆరేసిన బట్టలే ఆరతాయి" అని ఉంది. అది కొట్టెయ్యి. ఆ వాక్యం నీకు ఎంత ఇష్టమో నాకు తెలుస్తూనే ఉంది, అయినా కొట్టెయ్యి.

నన్నయ తన కవిత్వం గురించి భారతం మొదట్లో, అవతారికలో చెప్పుకున్న పద్యం ఉంది, నోటికి పట్టు. కవీంద్రులు తన "ప్రసన్న కథాకలితార్థయుక్తి"ని, అంటే కథలో అర్థం ఇమిడిన తీరును, లోతుగా చూసి మెచ్చుకుంటారనీ, మిగతావారు "అక్షర రమ్యత"ను, అంటే అక్షరాల అందాన్ని, ఆదరిస్తారనీ అని, అప్పుడు తనను "నానారుచిరార్థ సూక్తినిధి", రకరకాల అందమైన అర్థాలున్న సూక్తులకు నిధి, అన్నాడు. ఆ వరసలో ముందు కథ ఉంది, తర్వాత అక్షరం ఉంది, సూక్తి ఆఖరున వచ్చింది. తనే సూక్తులకు నిధి అని చెప్పుకున్న కవి కూడా వాటిని మొదట పెట్టలేదు.

ఉత్తరంలో నిన్ను పరిచయం చేసుకుంటూ నీ అక్షరాలు కూడా తిలక్ గారన్నట్టు వెన్నెలలో ఆడుకునే అందమైన ఆడపిల్లలు అన్నావు. ఆ పాదానికి ముందు ఆయన తన అక్షరాలను కన్నీటి జడులలో తడిసే దయాపారావతాలు, దయగల పావురాలన్నాడు, ప్రజాశక్తుల వహించే విజయ ఐరావతాలన్నాడు. కన్నీరూ, జనమూ దాటుకుని వచ్చాడు వెన్నెలకు. నీకు ఆ మొదటిది ఉంది. పంచె రాసినప్పుడు ఉంది. రెండోది వసారాలో బాబాయిల మాటల దగ్గర మొదలైంది, నువ్వే భయపడి ఆపేశావు.

కలం పేరు గురించీ, పోటీ గురించీ, పుస్తకం ఎవరు వేస్తారనీ అడిగావు. ముందు ఈ కథ పని చూద్దాం.

తలమీద ఉన్న శ్రీశ్రీని తీసెయ్యి. మధ్యలో నన్నయనూ, చివర వాక్యాన్నీ తీసెయ్యి. నాయనమ్మ గదిలోకి వెళ్లు. ఆమె మంచం మీద నుంచి పెరటి తలుపు కనబడుతుందా లేదా అన్నది తేల్చుకో, దాని మీద చాలా ఆధారపడి ఉంది. బాబాయిల మాటలు పూర్తిగా రాయి, వాళ్లు చదువుతారేమో అన్న టెన్షన్ పెట్టుకోకు. ఎవరి చేతా నీతి పలికించకు. తిరగరాసేలోపు ఆదిపర్వంలో పాండురాజు మరణం నుంచి సత్యవతి తపోవనానికి వెళ్లేదాకా చదువు, పైకి వినబడేలా చదువు. తిరుమల తిరుపతి దేవస్థానం వారు కవిత్రయ భారతం ప్రతిపదార్థ తాత్పర్యాలతో వేశారు, అర్థం కాదన్న భయం అక్కర్లేదు. ఆ సంపుటం దొరకకపోతే రాయి, నా దగ్గరిది పంపిస్తాను. మార్జిన్లలో పెన్సిలు రాతలు ఉంటాయి, అవి చెరిపెయ్యకు. చదివాక తిరిగి పంపాలి.