పక్షవాతం ఒకరికి చేతిని, మరొకరికి కాలిని ఎందుకు దెబ్బతీస్తుంది?

మీ నాన్నగారికి కుడి చెయ్యి పడిపోయి మాట కూడా పోయిందని, మీ పెదనాన్నగారికి మాట బాగానే ఉండి ఎడమ కాలు మాత్రమే ఈడుస్తోందని, ఇద్దరిదీ పక్షవాతమే అయినప్పుడు ఈ తేడా ఎందుకని అడిగారు. నేను ఫిజియోథెరపిస్టును. పక్షవాతం వచ్చినవారి ఇళ్లలో ఈ ప్రశ్న తరచుగా వింటూ ఉంటాను.

పంటకాలువకు ఒక తూము మూసుకుపోతే దాని కింది మడులే ఎండుతాయి. మెదడులోనూ ఏ రక్తనాళం మూసుకుపోతే దాని మీద ఆధారపడిన భాగమే దెబ్బతింటుంది. ముఖాన్ని, చేతిని కదిలించే ప్రాంతం మెదడు పక్క భాగంలో ఉంది, దానికి మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ రక్తాన్ని అందిస్తుంది. కాలిని నడిపించే ప్రాంతం మెదడు రెండు సగాలు (అర్ధగోళాలు) ఎదురెదురుగా ఉండే లోపలి వైపున ఉంది, అక్కడికి వెళ్లేది ఆంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ. మెదడు కుడి సగం శరీరపు ఎడమ సగాన్ని, ఎడమ సగం కుడి సగాన్ని నడిపిస్తాయి కాబట్టి, మీ నాన్నగారికి ఎడమవైపు మిడిల్ సెరిబ్రల్‌లో, మీ పెదనాన్నగారికి కుడివైపు ఆంటీరియర్ సెరిబ్రల్‌లో అడ్డు వచ్చి ఉండవచ్చు.

మాట సంగతికి వస్తే, చాలామందిలో భాషకు సంబంధించిన ప్రాంతాలు ఎడమ అర్ధగోళంలోనే ఉంటాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు, ‘టాన్’ అనే ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూపించాడు. ఎడమ మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ నుంచి ఆ ప్రాంతానికి వెళ్లే పై కొమ్మ మూసుకుపోతే మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, కానీ మాట బయటకు రాదు. కింది కొమ్మ మూసుకుపోతే ధారాళంగా మాట్లాడతారు, మాటలకు అర్థం ఉండదు, చెయ్యీ కాలూ సరిగానే ఉండవచ్చు. అలాంటివారికి మతి చలించిందని ఇంట్లోవారు భయపడి ఇది స్ట్రోక్ (పక్షవాతం) కావచ్చని తలచకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

కుడి మిడిల్ సెరిబ్రల్ విషయం ఇంకా చిత్రంగా ఉంటుంది. నేను చూసిన ఒక పెద్దావిడ కంచంలో కుడివైపున్న అన్నం, కూర తినేసి, ఎడమవైపున్న పచ్చడి, పెరుగన్నం అలాగే వదిలేసి, ఇంకా వడ్డించలేదేమని కోడలిని అడిగారు. కంచాన్ని అటు తిప్పితే మిగిలినదీ తిన్నారు. చూపు పోలేదు, ఎడమవైపు అనేదాన్ని మెదడు పట్టించుకోవడం మానేసింది. ఎడమ చెయ్యి కదలకపోయినా, నాకేం కాలేదని ఆవిడ గట్టిగా చెప్పేవారు. రోగి మాట నమ్మి ఆసుపత్రికి ఆలస్యం చేయడానికి ఇదొక ముఖ్య కారణం.

వెనుక వైపు రక్తనాళాలలో వచ్చే స్ట్రోక్‌లను జనం మరింత తేలికగా తీసుకుంటారు. నా వద్దకు వచ్చిన ఒకాయనకు ఒక రాత్రి ఉన్నట్టుండి కళ్లు తిరిగి, వాంతులై, నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోతుంటే, పైత్యమని వాంతుల ఇంజెక్షన్ వేయించారు. తరువాత గొంతు బొంగురుపోయి మంచినీళ్లు మింగుడుపడలేదు. స్నానానికి పోసుకున్న వేడినీళ్లు ఎడమ భుజం మీద సుర్రుమన్నాయి, కుడి భుజం మీద చల్లగా తగిలాయి. మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండపు కింది భాగంలో ఒక పక్క రక్తం అందకపోతే అదే పక్క ముఖానికి, ఎదుటి పక్క శరీరానికి వేడి, నొప్పి తెలియకుండా పోతాయి. చేతిలో బలం మాత్రం తగ్గకపోవచ్చు. ఈ ప్రాంతపు స్ట్రోక్ మొదటి గంటల సీటీ స్కాన్‌లో కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐ అవసరమవుతుంది. ఇంకా వెనుకనున్న పోస్టీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ మూసుకుపోతే రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం దృశ్యం పోతుంది.

అందువల్ల మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం మాత్రమే గుర్తుపెట్టుకుంటే చాలదు. ఒక్కసారిగా తూలినా, చూపు పోయినా, అర్థంలేని మాటలు వచ్చినా, రోగి చివరిసారి బాగా ఉన్న సమయాన్ని రాసుకుని వెంటనే స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా ఆ సమయం నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు.

వారిద్దరి డిశ్చార్జ్ కాగితాలలో ‘ఎంసీఏ’ (మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ), ‘ఏసీఏ’ (ఆంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ) అనే పొడి అక్షరాలు ఉన్నాయేమో చూసి థెరపిస్టుకు చూపించండి. మీ నాన్నగారికి చేతి వ్యాయామాలతో పాటు స్పీచ్ థెరపీ ఇప్పటినుంచే కావాలి. మీ పెదనాన్నగారికి నడక సాధన ముఖ్యం. ఆయన ఏ పనికీ తానుగా పూనుకోకుండా మౌనంగా కూర్చుంటే అది బద్ధకం కాదు, ఆ రక్తనాళపు స్ట్రోక్‌లో అదీ ఒక లక్షణమే, డాక్టరుగారికి చెప్పండి.